కుట్టులో వదిలిన గుడ్డ

ఫిబ్రవరి 4

అక్కా,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నీ చొక్కా ఒక్కటే బాగాలేదు. మొన్న నువ్వు కుట్టి పంపిన యూనిఫాం చొక్కా నడుము దగ్గర పట్టేస్తోంది. మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కింది గుండీ ఎగిరి ముందు అద్దానికి తగులుతుందేమోనని భయంగా ఉంది. మా కండక్టరు ఈలమ్మ అయితే రోజూ ఆ గుండీకి దణ్ణం పెట్టి బస్సెక్కుతోంది.

చొక్కా తిరిగి పంపుతున్నాను. కుట్టు లోపల గుడ్డ వదిలే ఉంటావని తెలుసు. చిన్నప్పుడు నా గౌన్లన్నీ అలాగే కుట్టేదానివి. నేను ఎదిగినప్పుడల్లా ఒక వరస విప్పేదానివి. ఒకే గౌను నాలుగేళ్ళు తొడిగించావు, నేను మర్చిపోలేదు. ఇప్పుడు నేను ఎదిగేది పొడుగు కాదు, అదొక్కటే తేడా.

ఇంకో సంగతి. నాకు నెలసరి ఆగిపోయి రెండు నెలలు దాటింది. మధ్యాహ్నం డ్యూటీలో నీరసం, ఒక్కోసారి కళ్ళు తిరిగినట్టుంటోంది. మీ మరిది డాక్టరు దగ్గరికి వెళ్దామని ఒకటే పోరు. వాచీ ఆగితే వెనక మూత తీసి చూడటం ఆయన వృత్తి, పెళ్ళాన్ని కూడా మూత తీసి చూడాలంటాడు. నీకూ ఇంచుమించు ఈ వయసులోనే ఆగింది కదా, నువ్వేమంటావు? ఫోను చేద్దామంటే నీకు చెవులు సహకరించవు. బావ మధ్యలో నిలబడి వీధికంతా వినబడేలా నీకు అరిచి చెప్పే విషయం కాదిది. అందుకే రాస్తున్నాను.

నీ చెల్లెలు

ఫిబ్రవరి 10

చిట్టీ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. బావ ఎందుకు నవ్వుతున్నావని అడిగితే, ఆడవాళ్ళ సంగతులు నీకెందుకని నోరు మూయించాను.

దీనికి డాక్టరు ఎందుకే? అచ్చం నాకూ ఇలాగే అయింది. ముందు రెండు నెలలు రాలేదు, తర్వాత ఒకసారి వచ్చింది, తర్వాత చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. నీరసం, కళ్ళు తిరగడం, నడుము లావెక్కడం, అన్నీ ఉన్నాయి. మన ఒంట్లో ఇది ముందే మొదలవుతుంది, అమ్మకీ అంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళావంటే గోరంత దాన్ని కొండంత చేసి పది పరీక్షలు రాస్తాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టు. మరిదికి నేను చెప్పానని చెప్పు, ఆయన వాచీలు ఆయన చూసుకోవచ్చు.

చొక్కా రెండు వరసలు విప్పాను. ఇంకొక్క వరసే మిగిలింది. అదీ చాలకపోతే నువ్వు తిండైనా తగ్గించుకోవాలి, బస్సైనా పెద్దది తీసుకోవాలి.

నా మిషను బెల్టు మళ్ళీ తెగింది. ఎదురింటి పెళ్ళికూతురి జాకెట్లు తొమ్మిది అలాగే పడి ఉన్నాయి. ఆ పిల్ల కొలతలిచ్చిన రోజు ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇప్పుడు ఊపిరి పీల్చుకోవాలంటే కుట్లు విప్పాలి. నేను మాత్రం ముందే గుడ్డ వదిలాను.

అక్క

మార్చి 3

అక్కా,

మిషను తొక్కుతూ ఉంటే ఆపి, కూర్చుని చదువు.

డిపోలో డ్రైవర్లందరికీ ఏటా ఆరోగ్య పరీక్ష చేస్తారు. కళ్ళు చూశారు, బీపీ చూశారు. అక్కడున్న నర్సు నన్నొకసారి పైనుంచి కిందకి చూసి, పక్క గదిలోకి తీసుకెళ్ళి పొట్ట మీద చెయ్యి పెట్టింది. "డ్రైవరమ్మా, మీకు నాలుగో నెల" అంది. "దేనికి?" అన్నాను. నిజంగానే అలా అన్నాను.

మా వాడు కాలేజీ రెండో ఏడు చదువుతున్నాడు. వాడికి ఎలా చెప్పాలి? రేపు ఈ బిడ్డని బడిలో చేర్చడానికి వెళ్తే నన్ను అమ్మమ్మ అనుకుంటారు. డిపోలో మెకానిక్‌లు ఏం మాట్లాడుకుంటారో ఊహించుకోగలను, వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు. నిజం చెప్పాలంటే, నాకొద్దు అనిపించింది అక్కా. ఆ రోజంతా అదే అనిపించింది. వాచీల ఆయన మాత్రం విన్నదగ్గర్నుంచీ తనలో తను నవ్వుకుంటున్నాడు. ఎవరో వచ్చి గడియారం బాగైందా అని అడిగితే "ఆగస్టుకి అవుతుంది" అన్నాడట.

చిట్టి

మార్చి 9

చిట్టీ,

నీ నోరు పడ! నాకొద్దు అనిపించిందని ఎలా రాశావే? ఇద్దరు మగపిల్లల్ని కని, ఒక్క చిన్న గౌను కుట్టే రాత లేక, ఊళ్ళో వాళ్ళ ఆడపిల్లలకి కుట్టీ కుట్టీ సరిపెట్టుకున్న దాన్ని నేను. ఇంకోసారి ఆ మాట అన్నావంటే నేనే వచ్చి నీ చెవి మెలిపెడతాను.

పార్సెల్లో ఒక చిన్న చొక్కా పంపుతున్నాను. ఆడపిల్లయినా మగపిల్లాడైనా పనికొచ్చేటట్టు కుట్టాను. మెత్తటి నూలు గుడ్డ, నాలుగుసార్లు ఉతికి మరీ కత్తిరించాను. భుజాల దగ్గరా పక్కలా బోలెడంత వదిలాను. ఏడాదిన్నర దాకా విప్పుకుంటూ పోవచ్చు. డ్రైవరు పిల్ల, త్వరగా ఎదుగుతుంది.

బావ రాత్రి పడుకోబోతూ మళ్ళీ లేచి "పేరేం పెడతారట?" అని అడిగాడు. పెద్దాయనకి ముసలితనంలో సంబరం.

డాక్టరు దగ్గరికి వద్దన్నాను కదూ. నన్ను తిట్టుకో, సరేనా. ఇక నుంచి మాత్రం నెలనెలా వెళ్ళు.

అక్క

మార్చి 21

అక్కా,

పార్సెలు అందింది. ఇంత చిన్న గుండీలు ఎక్కడ సంపాదించావు? ఈలమ్మ ఒకటి చేతిలో పట్టుకుని, ఇది మందుబిళ్ళా అని అడిగింది.

నీ ఉత్సాహం చూస్తుంటే ఈ బిడ్డని నువ్వే మోసిపెడితే బాగుండేది అనిపిస్తోంది. నాకు పొద్దున షిఫ్టు, నీకు సాయంత్రం షిఫ్టు. సీటు ఒక గడి వెనక్కి జరిపాను. ఇంకో గడి జరిపితే బ్రేకు అందదు, అప్పుడు ప్రయాణికులే దిగి ఆపుకోవాలి.

వచ్చే వారం పెద్ద స్కానింగు ఉంది. అందరికీ ఐదో నెలలో చేసేదేనట.

చిట్టి

ఏప్రిల్ 8

అక్కా,

బిడ్డని ఉంచుకోవడం లేదు. ఆసుపత్రిలో అన్నీ మాట్లాడుకున్నాం. ఎందుకో ఇప్పుడు రాయలేను. నువ్వు పంపిన టోపీ, చిన్న మేజోళ్ళు కూడా నిన్న అందాయి. దయచేసి ఇంకేమీ పంపకు.

చిట్టి

ఏప్రిల్ 13

చిట్టికి,

నీ ఉత్తరంలో ఉన్నవి ఐదారు మాటలు. అందులో ఒక్కటి కూడా నా చెల్లెలు రాసినట్టు లేదు.

నువ్వు మొదట్నుంచీ వద్దనే అన్నావు. నేనే పిచ్చిదాన్నై అది సరదాకి అన్నావనుకున్నాను. షిఫ్టులనీ, బ్రేకు అందదనీ, డిపోలో నవ్వుతారనీ రాశావు. ఇంతకీ అడ్డం వచ్చింది అవేనా? వద్దనుకున్నదానివి నెలలోనో రెండు నెలల్లోనో అనుకోవాలి. ఆరో నెల పెట్టుకుని, లోపల కదలికలు తెలిసే వేళకి, ఇప్పుడా? ఇన్నాళ్ళు ఎందుకు ఆగావు? నీకు మనసెలా వచ్చిందే?

నేను పెంచుతానని అడుగుతున్నాను. మోకాళ్ళు నొప్పే, చెవులు వినబడవు, అయినా పెంచుతాను. ఆకలేసి ఏడిస్తే వినబడకపోయినా చూస్తే తెలుస్తుంది. కని నా చేతుల్లో పెట్టు. అది కూడా నీకు కుదరదంటే నాకు ఇక రాయొద్దు. బావ ఈ ఉత్తరం పోస్టు చెయ్యొద్దన్నాడు. నేనే వెళ్ళి వేస్తున్నాను.

అక్క

ఏప్రిల్ 18

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. కోపం తీరేదాకా పక్కన పెట్టుకో, తర్వాత చదువు. చదవకుండా మాత్రం చింపకు.

నీకు నేను రాయని సంగతి ఒకటుంది. నీ చిన్న చొక్కా వచ్చిన రోజు నుంచి దాన్ని డ్యూటీకి తీసుకెళ్తున్నాను. టిఫిను డబ్బా సంచిలో, పైన. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సంచి మీద చెయ్యి వేసుకునేదాన్ని. వద్దు వద్దని అంత గోల చేసి, ఇప్పుడు కావాలని ఎలా రాయను? నువ్వు ఏడిపిస్తావని సిగ్గేసింది. అందుకే షిఫ్టుల జోకులు రాశాను. నువ్వవి నిజమనుకున్నావు. తప్పు నీది కాదు.

స్కానింగు చేసే ఆవిడ మొదట్లో గలగలా మాట్లాడింది. తర్వాత మాటలు ఆపేసింది. తర్వాత బయటికెళ్ళి ఇంకో డాక్టర్ని పిలుచుకొచ్చింది. నేను ఇరవై ఏళ్ళు బండి నడిపాను అక్కా, ఇంజను శబ్దం మారితే నాకు తెలుస్తుంది. ఆ గదిలో శబ్దం మారింది.

బిడ్డకి రెండు కిడ్నీలూ లేవు. ఒకటి కాదు, రెండూ. అసలు ఏర్పడలేదు. కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు లేదు, ఎందుకంటే ఈ నెలల్లో ఆ నీరు బిడ్డ కిడ్నీల నుంచే రావాలి. ఆ నీరు లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నెలలు నిండేదాకా మోసి కనొచ్చు, పుట్టాక ఊపిరాడదు. కొద్ది నిమిషాలో, కొన్ని గంటలో. మందు లేదు, ఆపరేషను లేదు. ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం, వాళ్ళదీ అదే మాట. మూత తీస్తే ఏదైనా బాగవుతుందని నమ్మే మా ఆయన ఆ రోజు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నీ టోపీ, మేజోళ్ళూ వచ్చింది ఆ మర్నాడే.

ఎందుకు ఆగావని అడిగావు. ఆగలేదు. ఇది ముందు కనబడదు. ఐదో నెలలోనే కనబడుతుంది. కనబడిన దగ్గర్నుంచి కూడా ఊరికే కూర్చోలేదు. రెండో స్కానింగుకి వారం పట్టింది. ఇన్ని నెలలయ్యాక ముగ్గురు డాక్టర్లు కలిసి సంతకం పెట్టాలట. వాళ్ళు గురువారాలే కూర్చుంటారు. ఒక గురువారం ఒకాయన రాలేదు. ఆయన రాని వారమంతా నేను బిడ్డని మోశాను.

ఆ ముగ్గురు డాక్టర్ల గది బయట బెంచీ మీద నాతోపాటు ఇంకా ఉన్నారు. పదహారేళ్ళ పిల్ల ఒకతె, వాళ్ళ అత్త వెంట వచ్చింది. తనకేం జరిగిందో చెప్పడానికి ఆ పిల్లకి మాట దొరకలేదు. వదులు బట్టల్లో ఇన్నాళ్ళు దాచింది. పక్కన ఒక టీచరమ్మ, రొమ్ములో గడ్డ. వైద్యం మొదలుపెట్టాలంటే బిడ్డ ఉండకూడదు, బిడ్డ ఉండాలంటే వైద్యం ఆగాలి. ఇంట్లో ఆవిడకి మూడేళ్ళ పాప ఉంది. ఇంకొకావిడ ఎందుకొచ్చిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. నీళ్ళ సీసా మాత్రం చేతులు మారింది. ఇంతకుముందు నేనూ ఇలాంటివి విని "ఇన్ని నెలలు ఏం చేసింది ఆ మనిషి?" అన్నదాన్నే. బస్సులో ఎవరో ఎవరి గురించో మాట్లాడుకుంటుంటే, అద్దంలోంచి వాళ్ళని చూసి తలాడించాను కూడా.

ఇంకా నాలుగు నెలలు మోసి కనొచ్చు కదా అంటావేమో. అలా మోసేవాళ్ళున్నారట, డాక్టరు చెప్పింది, వాళ్ళని నేనేమీ అనను. నాకు చేతకాదు అక్కా. నేను ఎక్కడికీ దాక్కోలేను. రోజుకి ఎన్ని వందలమంది నా పక్కనుంచి ఎక్కుతారో నీకు తెలుసు. రోజూ వచ్చే పెద్దావిడ ఒకామె ఎక్కేటప్పుడల్లా "ఎన్నో నెల తల్లీ?" అని నా బుగ్గ తడుతుంది. నేను నవ్వుతాను. నవ్వి, గేరు వేస్తాను. అలా నాలుగు నెలలు నవ్వి, చివరికి ఆ బిడ్డ గాలి కోసం కొట్టుకుంటుంటే చూడాలి. ఎవరి చేతుల్లో పెట్టినా అంతే, నీ చేతుల్లో పెట్టినా అంతే. నువ్వు పెంచుతానన్నావు కదా. ఆ మాట చదివి చాలాసేపు ఏడ్చాను. పెంచడానికి ఉండదు అక్కా.

సంతకాలు అయ్యాయి. 26న చేర్చుకుంటారు. మాత్రలు వేస్తారు, తర్వాత కాన్పులాగే నొప్పులొస్తాయట. చూడొచ్చు, ఎత్తుకోవచ్చు అని నర్సు చెప్పింది. బట్టలు తొడగొచ్చా అని అడిగాను. నీ చిన్న చొక్కా తీసి చూపించాను. ఆవిడ దాన్ని మడిచి మళ్ళీ నా చేతికిచ్చి, "ఇది చాలా పెద్దదమ్మా" అంది. తన చెయ్యి పెట్టి ఎంత ఉంటుందో చూపించింది. పక్కన నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. నా జానా, పైన నాలుగు వేళ్ళు.

ఆ కొలతకి ఒక చొక్కా కుట్టి పంపుతావా? గుండీలు వద్దు, ముడి వేసుకునే నాడాలు చాలు. లోపల గుడ్డ వదలొద్దు అక్కా.

చిట్టి

ఏప్రిల్ 22

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావ అందుకుని పైకి చదవబోతే వద్దన్నాను. ఆయన తనలోనే చదువుకుని, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నేను వస్తున్నాను. మోకాళ్ళ సంగతి మోకాళ్ళే చూసుకుంటాయి. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా నిలబడితే ఈ మాటలు నా నోట్లోంచి రావు.

ఇన్నాళ్ళు ఎందుకు ఆగావని నిన్ను అడిగాను. డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దని రాసింది నేనే కదా. నువ్వు ఆ మాట నాకు తిప్పి కొట్టలేదు. అంత పొడుగు ఉత్తరంలో ఒక్కచోట కూడా రాయలేదు. రాసుంటే నాకు కాస్త తేలికయ్యేది. మనసెలా వచ్చిందని అడిగాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు దారి తెలియడం లేదు చిట్టీ. బట్టయితే కుట్టు విప్పి మళ్ళీ వేస్తాను. నన్ను నాలుగు తిట్టు, పడతాను. లోపలికి మాత్రం రానీ.

చొక్కా కుట్టాను. నీ జానా నాకంటే పెద్దది. చిన్నప్పుడు గోడ మీద చేతులానించి కొలుచుకుంటే ప్రతిసారీ నువ్వే గెలిచేదానివి. అందుకని నీ లెక్కనే కత్తిరించాను. మిషను మీద కుట్టలేదు, అంత చిన్నదానికి సూది తిరగదు. చేత్తో కుట్టాను. నాడాలు పెట్టాను. నువ్వు చెప్పినట్టే లోపల ఏమీ వదల్లేదు.

అక్క

మే 24

అక్కా,

నువ్వు క్షేమంగా చేరినట్టు బావ ఫోను చేశాడు. వెనక నువ్వు "చేరానని చెప్పావా? చెప్పావా?" అని అరవడం నాకు బాగా వినబడింది. డాక్టరు రాసిచ్చిన మందులు వేసుకుంటున్నాను. కాళ్ళ వాపు తగ్గింది. ఇంట్లో ఎవరూ ఏమీ అడగడం లేదు. మా వాడు సెలవు పెట్టి వచ్చి నాలుగు రోజులు వంట చేశాడు. ఆ వంట తిన్నాక నేను త్వరగా లేచి తిరగడం మొదలుపెట్టాను.

సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తున్నాను. మొదటి ట్రిప్పులోనే ఆ పెద్దావిడ ఎక్కింది. నన్ను చూసింది, నా పొట్ట చూసింది. ఏదో అనబోయింది. ఈలమ్మ తన సీట్లోంచి లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ దిగేటప్పుడు నా బుగ్గ తట్టలేదు, భుజం మీద చెయ్యి వేసి దిగింది. వచ్చే స్టాపు దాకా నాకు రోడ్డు సరిగ్గా కనబడలేదు. నెమ్మదిగానే నడిపాను, నువ్వు కంగారు పడకు.

డాక్టరు దగ్గరికి వద్దన్నానని ఇక్కడున్నన్ని రోజులూ ఒకటే గొణిగావు. ఇంకా గొణుగుతూనే ఉంటావు, నాకు తెలుసు. మళ్ళీ చెప్తున్నాను, మొదటి నెలలో వెళ్ళినా అది కనబడేది కాదు. మనం ఎప్పుడు వెళ్ళినా ఇక్కడికే వచ్చేవాళ్ళం. అది నీ నెత్తిన వేసుకోకు.

యూనిఫాం చొక్కా పంపితే నడుము దగ్గర మళ్ళీ కుట్టి బిగిస్తానన్నావు. ఇప్పుడే వద్దు. కొన్నాళ్ళు అలాగే వదులుగా తొడుక్కుంటాను. పంపాలనిపించినప్పుడు పంపుతాను.

ఆ రోజు గదిలో నర్సు బిడ్డని తెచ్చి ఆడపిల్ల అన్నప్పుడు నువ్వు గోడ వైపు తిరిగావు. వినబడక కాదని నాకు తెలుసు. నేను తొడగలేనని నీకు ఇవ్వబోయాను, నువ్వు తల అడ్డంగా ఊపి చొక్కా నా చేతిలోనే పెట్టావు. అందుకే నేనే తొడిగాను. సరిగ్గా సరిపోయింది అక్కా. భుజాలు, చేతులు, అన్నీ. నీకంటే బాగా ఎవరూ కుట్టలేరు.

నాడాలు ముడి వేస్తూ పక్క కుట్టు తిరగేసి చూశాను. నువ్వు వదల్లేదని రాశావు. రెండు పక్కలా అర అంగుళం చొప్పున వదిలి, లోపలికి మడిచి, కనబడకుండా సన్నగా కుట్టావు.

నేను చూసినట్టు నీకు చెప్పలేదు. అది అలాగే ఉంచి, చొక్కా సర్ది, బిడ్డని నర్సుకి ఇచ్చాను.

నీ చిట్టి